తెలియని ఫ్లాగ్ ఇస్తే ఏం చేస్తుంది? లినక్స్ సిస్టమ్ కాల్స్ ఏళ్ల తరబడి వాడాక

సి భాషలో సర్వర్ ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. రోజంతా పని లినక్స్ సిస్టమ్ కాల్స్‌తోనే, అంటే ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌ని పని అడిగే పిలుపులతోనే. మొత్తం మూడు వందలకు పైగా ఉన్నా, నిత్యం నా అవసరం తీర్చేవి ముప్పయ్యో నలభయ్యో. ఇంట్లో చిన్న సర్వర్ మీద ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి రెండింటినీ పోల్చి చూసే వీలు దొరికింది. తీర్పు ముందే చెప్పేస్తాను. నమ్మకం విషయంలో లినక్స్‌కి వంక పెట్టలేం. శుభ్రత విషయంలో మాత్రం ఏ కాల్ ఏ కాలంలో వచ్చిందో చూసి మాట్లాడాలి. కాల్ మంచిదో కాదో తేల్చడానికి నేను వేసే ప్రశ్న ఒక్కటే: తనకి తెలియని ఫ్లాగ్ (పని ఎలా చేయాలో కాల్‌కి చెప్పే గుర్తు) వస్తే అది ఏం చేస్తుంది?

ముందు నమ్మకం సంగతి. కెర్నల్ మార్చినందువల్ల ఎవరి ప్రోగ్రామైనా ఆగిపోతే తప్పు కెర్నల్‌దే అన్నది లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ పట్టుబట్టి నిలబెట్టిన నియమం. లైబ్రరీలన్నీ కలిపి కట్టిన పాత స్టాటిక్ ప్రోగ్రాములు నా దగ్గర కొన్ని ఉన్నాయి. కెర్నల్ ఎన్నిసార్లు మారినా అవి అలాగే నడుస్తున్నాయి. ఈ హామీ అన్నిచోట్లా ఉండదు. గో భాష ప్రోగ్రాములు సి లైబ్రరీ అవసరం లేకుండా నేరుగా కెర్నల్‌ని పిలుస్తాయి. లినక్స్‌లో దానివల్ల ఇబ్బంది లేదు. మ్యాక్‌లో మాత్రం 2016లో సియెర్రా వెర్షన్ వచ్చినప్పుడు, సమయం అడిగే గెట్‌టైమ్‌ఆఫ్‌డే కాల్ లోపలి పద్ధతి మారి, పాత గోతో కట్టిన ప్రోగ్రాములు క్రాష్ అయ్యాయి. ఆపిల్‌ని తప్పు పట్టలేం, వాళ్లు కెర్నల్ కాల్స్ పొరని ఎవరికీ హామీ ఇవ్వలేదు. 2019లో వచ్చిన గో 1.12 దారిలోకి వచ్చి, మ్యాక్‌లో సిస్టమ్ లైబ్రరీ గుండానే వెళ్లడం మొదలుపెట్టింది.

ఓపెన్‌బీఎస్‌డీది కూడా అదే తీరు. అక్కడ సరిహద్దు సి లైబ్రరీ దగ్గర ఉంటుంది, కెర్నల్ దగ్గర కాదు. అందుకే 2038 సమస్యని (32 బిట్లలో పెట్టిన సెకన్ల లెక్క ఆ ఏడాది నిండిపోవడం) వాళ్లు 2014లో 5.5 వెర్షన్‌తో ఒక్క దెబ్బకి తేల్చేశారు. టైమ్ టైపుని అన్ని మెషిన్లలోనూ 64 బిట్లు చేసి, అంతా మళ్లీ కంపైల్ చేసుకోమన్నారు. లినక్స్ అలా అనలేదు. 32 బిట్ల మెషిన్ల కోసం పాత కాల్స్ ఉంచుతూనే కొత్త టైమ్ కాల్స్ ఒక వరస చేర్చాల్సి వచ్చింది, అదీ 2019లో, 5.1 కెర్నల్‌లో.

ఎప్పటికీ మార్చం అని మాట ఇచ్చాక, మొదటి రోజు చేసిన అజాగ్రత్త కూడా ఎప్పటికీ ఉండిపోతుంది. ఫైల్ తెరిచే ఓపెన్ కాల్ ఇందుకు మంచి ఉదాహరణ. దానికి తెలియని ఫ్లాగ్ ఇస్తే కిక్కురుమనదు. హోటల్లో ఆర్డరంతా విని తలూపి, అర్థమైన రెండు ఐటమ్స్ మాత్రం తెచ్చిపెట్టే సర్వర్ లాగా, తెలిసిన ఫ్లాగులు పాటించి మిగతావి వదిలేస్తుంది. ఫైల్ తెరుచుకుంటుంది, మనం అడిగిన రక్షణ మాత్రం ఉండదు. ఇప్పుడు దాన్ని బిగిద్దామన్నా కుదరదు, పొరపాటున చెత్త బిట్లు పంపుతున్న పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. 2013లో పేరులేని తాత్కాలిక ఫైళ్ల కోసం ఓ-టెంప్‌ఫైల్ ఫ్లాగ్ తెచ్చినప్పుడు, పాత కెర్నళ్లు దాన్ని మింగేయకుండా అందులోనే ఓ-డైరెక్టరీ బిట్‌ని కలిపారు. పాత కెర్నల్ దాన్ని డైరెక్టరీని రాయడానికి తెరుస్తున్నారనుకుని ఎర్రర్ ఇస్తుంది. తెలివైన ఉపాయమే, కానీ ఇంటర్‌ఫేస్‌లో ఇలాంటి ఉపాయం అవసరపడటమే లోపం.

అసలు ఫ్లాగులకి చోటే లేని కాల్స్ ఇంకొన్ని. ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి కెర్నల్ ఇచ్చే నంబర్) తెరవడానికీ, దానికి ఎగ్జెక్‌లో, అంటే ప్రాసెస్ ఇంకో ప్రోగ్రామ్‌ని నడపబోయేటప్పుడు, మూసుకుపోయే గుర్తు పెట్టడానికీ మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసి (పిల్ల ప్రాసెస్‌ని పుట్టించి) ఎగ్జెక్ చేస్తే, ఆ డిస్క్రిప్టర్ పిల్ల ప్రాసెస్‌కి లీకైపోతుంది. తెరిచేటప్పుడే గుర్తు పెట్టాలంటే ఆర్గ్యుమెంట్ లేదు. ఫలితంగా 2008లో, 2.6.27లో, పైప్2, డూప్3, ఈపోల్ క్రియేట్1, ఈవెంట్‌ఎఫ్‌డీ2, సిగ్నల్‌ఎఫ్‌డీ4, ఐనోటిఫై ఇనిట్1 అని ఆరు కాల్స్ ఒకేసారి పుట్టాయి. పేరు చివర అంకె కనబడితే అక్కడ ఎవరో ఒక ఆర్గ్యుమెంట్ మర్చిపోయారని అర్థం చేసుకోవచ్చు. (ఆ అంకెల్లో కూడా ఒక పద్ధతి లేదు. కొన్నిచోట్ల వెర్షన్ అనిపిస్తుంది, కొన్నిచోట్ల ఆర్గ్యుమెంట్ల లెక్క.)

2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన, ఫైల్ తెరిచే కొత్త కాల్ ఓపెన్‌ఎట్2 చూశాక నాకు మళ్లీ ఆశ కలిగింది. ఆర్గ్యుమెంట్లన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, దాని సైజు కూడా పంపాలి. కొత్త ప్రోగ్రాం పెద్ద స్ట్రక్చర్‌తో పాత కెర్నల్‌ని పిలిస్తే, తనకి తెలియని అదనపు బైట్లన్నీ సున్నాలేనా అని కెర్నల్ చూస్తుంది. సున్నాలైతే కొత్త సౌకర్యమేదీ అడగలేదన్నమాట, పని చేసిపెడుతుంది. కాకపోతే ఈ2బిగ్ ఎర్రర్ ఇస్తుంది. తెలియని ఫ్లాగ్ వస్తే ఈఇన్వాల్, అంటే చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్. యూజర్లు పంపిన ఫైల్ దారి (పాత్) ఒక ఫోల్డర్ దాటి బయటికి పోకూడదని చెప్పే రిజాల్వ్-బినీత్ కూడా ఇందులోనే ఉంది. అప్‌లోడ్ సర్వర్‌లో పై ఫోల్డర్‌కి పోయే చుక్కలనీ, ఇంకో చోటికి చూపించే సింబాలిక్ లింకులనీ ఏరడానికి నేను రాసుకున్న కోడ్ చాలావరకు పీకేశాను. హాయిగా ఉంది.

ఎర్రర్ కోడ్‌లోనూ ఇంతే పట్టింపు ఉండాలి. లినక్స్‌లో వాడే సి లైబ్రరీ జీలిబ్‌సి, 2021లో వచ్చిన 2.34 వెర్షన్‌లో, థ్రెడ్లు సృష్టించడానికి క్లోన్3 అనే కొత్త కాల్ వాడటం మొదలుపెట్టింది. ఆ కాల్ లేని కెర్నల్ ఈనోసిస్ అంటుంది, లైబ్రరీ వెంటనే పాత క్లోన్‌కి మళ్లుతుంది. మేం వాడే కంటైనర్ రన్‌టైమ్‌లో (ప్రోగ్రాముల్ని విడివిడి గదుల్లో పెట్టి నడిపేది) ఏ కాల్స్ అనుమతించాలో తేల్చే సెక్‌కాంప్ ఫిల్టర్ మాత్రం తన జాబితాలో లేని కాల్‌కి ఈపెర్మ్ ఇచ్చింది. లేదు అనడానికీ, ఉంది కానీ నీకు అనుమతి లేదు అనడానికీ చాలా తేడా ఉంది. లైబ్రరీ రెండోదాన్ని నిజమైన నిరాకరణగా తీసుకుంది. కొత్త డిస్ట్రో ఇమేజ్‌లు పెట్టగానే థ్రెడ్ సృష్టించే ప్రతి ప్రోగ్రామూ పడిపోయింది. మా టీమ్‌లో ఒకటే టెన్షన్, అందరూ మెమరీ లిమిట్లు తిరగేస్తున్నారు. ప్రోగ్రాం చేసే కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే ఒక్క లైన్‌లో జవాబు కనబడింది. రన్‌టైమ్ కొత్త వెర్షన్ ఆ కాల్‌కి ఈనోసిస్ ఇవ్వడం మొదలుపెట్టాక అంతా సర్దుకుంది.

చాలా డిస్క్రిప్టర్లలో ఏది సిద్ధమైందో చెప్పే ఈపోల్ మీద నాకున్న కోపం వేరే రకం. మనం డిస్క్రిప్టర్ నంబర్ ఇచ్చి నమోదు చేస్తాం. కెర్నల్ మాత్రం దాన్ని వెనకాల ఉన్న తెరిచిన ఫైల్‌కి కట్టేస్తుంది. పిల్ల ప్రాసెస్ దగ్గర ఆ ఫైల్‌కి ఇంకో కాపీ ఉంటే, మనం ఇక్కడ మూసేసినా ఈవెంట్లు వస్తూనే ఉంటాయి. తీసేద్దామంటే నంబర్ చెల్లదు, ఈబ్యాడ్‌ఎఫ్. బీఎస్‌డీల్లో అదే పని చేసే కేక్యూలో డిస్క్రిప్టర్ మూస్తే దాని నమోదులూ పోతాయి. ఎవరైనా అనుకునేది అదే కదా! ఇప్పుడు మూసేముందు తప్పకుండా తీసివేయడం అన్నది మా కోడ్ రివ్యూలో నియమం.

ప్రోగ్రాం తనంతట తాను చేతులు కట్టేసుకునే విషయంలో మాత్రం ఓపెన్‌బీఎస్‌డీకి నా ఓటు. 2016లో 5.9తో వచ్చిన ప్లెడ్జ్‌కి స్టడియో, ఆర్‌పాత్, ఐనెట్ (మామూలు ఇన్‌పుట్-అవుట్‌పుట్, ఫైళ్లు చదవడం, నెట్‌వర్క్) అని మూడు మాటలు రాస్తే చాలు. ఆ గీత దాటితే కెర్నల్ ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. 2018లో వచ్చిన అన్‌వీల్‌తో కనబడాల్సిన దారులు చెప్పొచ్చు. లినక్స్ సెక్‌కాంప్‌లో కాల్ నంబర్ల మీద ఫిల్టర్ రాయాలి. పాయింటర్ వెనక ఏముందో అది చూడలేదు కాబట్టి ఏ ఫైల్ తెరుస్తున్నారో తెలియదు. పైగా లైబ్రరీ రేపు ఇంకో నంబర్ వాడితే పైన చెప్పిన కథే మళ్లీ. అయితే ప్లెడ్జ్ అందం ఊరికే రాలేదు. దాని రెండో ఆర్గ్యుమెంట్ మొదట్లో దారుల జాబితా, తర్వాత దాన్ని తీసేసి ఎగ్జెక్ తర్వాత వర్తించే మాటలుగా మార్చేశారు. కెర్నల్, లైబ్రరీ, ప్రోగ్రాములు ఒకే సోర్స్ కోడ్ చెట్టులో ఉన్నవాళ్లకే అది చెల్లుతుంది. లినక్స్‌లో అలా చేస్తే పెద్ద గొడవే.

2021లో 5.13తో వచ్చిన ల్యాండ్‌లాక్ ఈ లోటు కొంత తీర్చింది. రూట్ అనుమతి అక్కర్లేదు. నీ వెర్షన్ ఎంత అని కెర్నల్‌నే అడగొచ్చు, ఏయే హక్కులు బిగించాలో ప్రోగ్రామే చెబుతుంది. అందువల్ల రేపు కొత్త హక్కులు చేర్చినా పాత ప్రోగ్రాముల మీద పడవు. కొత్త సర్వర్లన్నింటిలో దీన్నే వాడుతున్నాను. ప్లెడ్జ్‌లా మూడు మాటల్లో తేలదు, ఒక పేజీ కోడ్ పడుతుంది, అంతే.

డివైస్‌లకి రకరకాల ఆజ్ఞలిచ్చే ఐఓసీటీఎల్ కాల్ గురించి ఏం రాయను. ఒక నంబర్, వెనక ఏదైనా. డ్రైవర్ సోర్స్ చదవడమే దారి.

ఐఓ యూరింగ్ సంగతి ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. 2019లో జెన్స్ ఆక్స్‌బో తెచ్చిన ఈ పద్ధతిలో పనులన్నీ ఉమ్మడి మెమరీలోని వరసలో పెడతాం, ఒక్కో పనికి ఒక్కో కాల్ అక్కర్లేదు. డిజైన్‌గా చూస్తే ముచ్చటగా ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ వరసలో పెట్టిన పనులు సెక్‌కాంప్ ఫిల్టర్ కంటపడవు. తమ కెర్నల్ బగ్ బహుమతి పథకానికి వచ్చిన దాడుల్లో 60 శాతం దీన్నే వాడుకున్నాయని గూగుల్ 2023లో ప్రకటించింది. దాన్ని మొత్తంగా ఆపేసే సెట్టింగ్ అదే ఏడాది 6.6 కెర్నల్‌లో వచ్చింది, మా సర్వర్లలో అది ఆపే ఉంది. డేటాబేస్ టీమ్ మాత్రం వాళ్ల మెషిన్లలో ఆన్ చేయించుకున్నారు. వేగం బాగా పెరిగిందంటున్నారు, కాదనను. నా సర్వర్లు ఇంకా ఈపోల్ మీదే, తిట్టుకుంటూనే.