సబ్‌వూఫర్ కొనేవాళ్లకు హెచ్చరిక: "మీ గదే బాగాలేదు" అంటే వెంటనే నమ్మేయకండి

హోమ్ థియేటర్ కోసం సబ్‌వూఫర్ (బేస్, అంటే బాగా కింది స్వరాలు, వినిపించే విడి స్పీకర్) కొనబోతున్నవాళ్లు, ఇప్పటికే కొని "ఏదో తేడాగా ఉందే" అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు అంటగట్టిన సబ్ అట్టపెట్టె మీద 1000 వాట్స్ అనీ, 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు, చెవికి అందే దాదాపు అట్టడుగు స్వరం) దాకా దిగుతుందనీ పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంట్లో పెట్టాక ఏ పాట వేసినా ఒకే స్వరం గుంయ్‌మని మోగేది. సినిమాలో పేలుడు వచ్చినప్పుడు మాత్రం పోర్ట్‌లోంచి (డబ్బాకున్న గాలి గొట్టం) బుస్సుమని గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫిర్యాదు చేస్తే షాపువాళ్లు నెపం గది మీద వేశారు. వాళ్లు పంపిన టెక్నీషియన్ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫైయర్) మీద వేశాడు. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి "స్పెసిఫికేషన్ ప్రకారమే పనిచేస్తోంది" అని కాగితం రాసిచ్చి వెళ్లాడు. ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. ఈ తంతు ఏ ఒక్క షాపుకో పరిమితం కాదు, రేపు మీకు ఇంకోచోట ఇదే జరగొచ్చు.

బేస్ బాగా రాకపోతే లోపం మూడు చోట్ల ఉండే వీలుంది: డబ్బాలో (అంటే సబ్‌లోనే), గదిలో, సెట్టింగుల్లో. వినేవాడికి మూడూ ఒకలాగే అనిపిస్తాయి. అమ్మేవాళ్లకు కలిసొచ్చేది సరిగ్గా ఇదే. డబ్బా నాసిరకమైతే గదిని అంటారు, సెట్టింగ్ తప్పుగా చేస్తే మళ్లీ గదినే అంటారు. గది నోరెత్తి జవాబు చెప్పదు కదా. అందుకే ఏ లోపం ఎక్కడిదో మనమే తేల్చుకోవాలి. అది పెద్ద కష్టమేమీ కాదు, ఎలాగో కింద రాస్తాను.

ముందు అట్టపెట్టె మీది అంకెల సంగతి. వాట్స్ అని రాసి ఊరుకుంటే అది ఆర్‌ఎంఎస్సో (ఆగకుండా ఇవ్వగల పవర్), పీకో (క్షణకాలం ఇవ్వగలది), పీఎంపీఓనో (ప్రకటనల కోసం వేసే పెద్ద అంకె) తెలియదు. పీఎంపీఓకి అయితే అసలు ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. పీక్ అంటే మామూలుగా ఆర్‌ఎంఎస్‌కి రెట్టింపు. పోనీ నిజంగానే 500 నుంచి 1000 వాట్స్‌కి పెరిగిందనుకున్నా, డ్రైవర్ (సబ్‌లో శబ్దం పుట్టించే భాగం) తట్టుకోగలిగితే వచ్చే లాభం 3 డెసిబెల్స్ (శబ్ద స్థాయి కొలమానం) మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్ల పవర్. కాబట్టి వాట్స్ చూసి సబ్ కొనకండి.

అంతకన్నా పెద్ద మోసం "20 హెర్ట్జ్ – 200 హెర్ట్జ్" అన్న వరుసలో ఉంది. ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అనో, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర అనో పక్కన రాయకపోతే ఆ వరుసకు విలువే లేదు. 20 హెర్ట్జ్ దగ్గర మన చెవికి ఆననంత సన్నగా ఏదో కాస్త వచ్చినా "20 హెర్ట్జ్" అని అచ్చు వేసుకోవచ్చు. నా విషయంలో సర్వీసు మనిషి "స్పెసిఫికేషన్ ప్రకారమే" అని ధీమాగా రాయగలిగింది అందుకే. తప్పని నిరూపించడానికి ఆ స్పెసిఫికేషన్‌లో పట్టు ఏమీ లేదు.

కింది స్వరాలు ఎందుకింత ఖరీదైన వ్యవహారమో తెలిస్తే ఇలాంటి అంకెలకు పడిపోరు. అదే స్థాయి శబ్దాన్ని సగం ఫ్రీక్వెన్సీలో ఇవ్వాలంటే కోన్ (డ్రైవర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే పొర) నాలుగు రెట్లు దూరం కదలాలి. పోర్ట్ ఉన్న డబ్బా, దాని ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ (పోర్ట్ బాగా పనిచేసేలా కుదిర్చిన ఫ్రీక్వెన్సీ) కిందికి వెళ్లాక ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, సుమారు 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. మూసిన డబ్బా అయితే సుమారు 12. అంటే 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పోర్టెడ్ సబ్ 20 దగ్గరికి వచ్చేసరికి 24 డెసిబెల్స్ వరకు కోల్పోతుంది. అది పూడ్చాలంటే 250 రెట్ల పవర్ కావాలి. ఏ డ్రైవరూ దాన్ని తట్టుకోలేదు. చిన్న డబ్బా, చిన్న డ్రైవర్, సన్నటి పోర్ట్, అయినా 20 హెర్ట్జ్ అద్భుతంగా వస్తుందని ఎవరైనా చెబితే అక్కడే ఆగండి.

చూడాల్సిన అంకె వేరే ఉంది. సీటీఏ-2010 అనే కొలత పద్ధతిలో 20, 25, 31.5 ఇలా ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర, డిస్టార్షన్ (అసలు శబ్దంలో లేని స్వరాలు కలవడం) ఒక హద్దు దాటకుండా సబ్ ఎన్ని డెసిబెల్స్ ఇవ్వగలదో కొలుస్తారు. అన్ని కంపెనీలూ వీటిని బయటపెట్టవు. బయటపెట్టే కంపెనీని, లేదా స్వతంత్రంగా కొలిచినవాళ్ల ఫలితాలున్న మోడల్‌ని ఎంచుకోండి. డ్రైవర్ ఒక అంగుళం ఎక్కువా తక్కువా అన్న చర్చ ఆ తర్వాతే.

షాపు డెమో గురించి రెండు మాటలు. వాళ్లు పాటలు వేస్తారు. నాలుగు తీగల బేస్ గిటార్ అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. దానికి కిందిది ఆ డెమోలో పరీక్షకే రాదు. పైగా డెమో గది చిన్నది, సబ్ మూలన ఉంటుంది, వాల్యూమ్ పెంచి ఉంటుంది. రెండు మోడళ్లు పోల్చేటప్పుడు ఏది కాస్త గట్టిగా మోగితే అదే మేలనిపిస్తుంది, అందుకని రెండింటి స్థాయీ సమానం చేయమని పట్టుబట్టండి. టెస్ట్ టోన్లు ఫోన్‌లో పెట్టుకెళ్లండి. 25 హెర్ట్జ్ టోన్ వేసినప్పుడు నిజమైన సబ్ నుంచి వచ్చేది చెవికన్నా ఒంటికి, నేలకు ఎక్కువ తెలుస్తుంది. అలాకాక స్పష్టంగా, బొంగురుగా హమ్ వినిపిస్తే మీరు వింటున్నది 25 కాకపోవచ్చు, డిస్టార్షన్ వల్ల పుట్టిన 50, 75 హెర్ట్జ్‌లు కావచ్చు. నాకు డెమోలో "చూశారా ఎంత కిందికి దిగుతోందో" అని వినిపించింది ఆ రకమే.

ఇక ఇంటికొచ్చి చేసిన సెటప్. టెక్నీషియన్ సబ్‌ని మూలకు తోసి, వెనక ఉన్న గెయిన్ (సబ్ శబ్ద స్థాయి) నాబ్ దాదాపు చివరిదాకా తిప్పి, ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైక్‌తో విని స్పీకర్లను తనే సర్దుకోవడం) నడిపాడు. రిసీవర్ సబ్ స్థాయిని తగ్గించుకుంటూ పోయి మైనస్ 12 దగ్గర, అంటే తన హద్దు దగ్గర ఆగిపోయింది. అలా హద్దును తాకిందంటే ఆ ఫలితం చెల్లదని అర్థం. సబ్ వెనక గెయిన్ తగ్గించి మళ్లీ నడపాలి. అతను నడపలేదు. ముందు స్పీకర్లను "లార్జ్" అని, అంటే బేస్ కూడా వాటికే వెళ్లేలా, వదిలేశాడు. "ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్" (ఎల్ఎఫ్ఈ అంటే సినిమాల్లోని విడి బేస్ ఛానల్) కూడా ఆన్ చేసి ఉంది, అందువల్ల అదే బేస్ ముందు స్పీకర్లలోనూ సబ్‌లోనూ రెండుసార్లు వస్తోంది. రిసీవర్‌లో క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీకి దిగువ శబ్దం సబ్‌కి వెళ్లాలో విడదీసే ఫిల్టర్) ఒకటి ఉండగా సబ్ నాబ్ మీద ఇంకో క్రాసోవర్ పెట్టాడు. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడితే క్రాసోవర్ చుట్టుపక్కల గొయ్యి పడుతుంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది దూరం సెట్టింగ్. రిసీవర్ సబ్ దూరాన్ని అసలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించింది. టేపు తీసి కొలిచి "ఇది తప్పు చూపిస్తోంది" అంటూ మార్చేశాడు. ఆ అంకె టేపు దూరం కాదు. సబ్ లోపలి ఫిల్టర్లు, డీఎస్పీ (డిజిటల్‌గా శబ్దాన్ని సర్దే భాగం) వల్ల అయ్యే ఆలస్యాన్ని కూడా కలిపి రిసీవర్ లెక్కగట్టుకున్న దూరం అది. దాన్ని "సరిచేస్తే" సబ్‌కీ ముందు స్పీకర్లకీ పొత్తు కుదరదు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

సరైన దారి ఇది. మామూలు స్పీకర్లన్నిటినీ "స్మాల్" చేసి, అంటే వాటి బేస్ సబ్‌కి వెళ్లేలా పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. టీహెచ్‌ఎక్స్ (సినిమా ధ్వనికి ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్లు ప్రమాణంగా తీసుకున్నది అదే. 80కి దిగువ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోవడం కష్టం. మరీ పైకి పెడితే మగ గొంతులు సబ్ ఉన్న మూల నుంచి వస్తున్నట్టు తెలిసిపోతుంది. సబ్ మీది క్రాసోవర్ నాబ్ చివరిదాకా తిప్పేయండి, లేదా ఎల్ఎఫ్ఈ మోడ్‌లో పెట్టండి. రిసీవర్‌లో ఎల్ఎఫ్ఈ లో-పాస్ అని విడిగా ఉంటే 120 హెర్ట్జ్ దగ్గర ఉంచండి, ఆ ఛానల్‌లో శబ్దం అంతదాకా ఉంటుంది. ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదలిక దిశను తిరగేసేది) 0లోనా 180లోనా అన్నదానికి, ముందు స్పీకర్లు కూడా మోగుతుండగా క్రాసోవర్ ప్రాంతపు నాయిస్ వేసి, మీరు కూర్చునే చోట ఎందులో నిండుగా వినిపిస్తే అందులో ఉంచండి.

ఇప్పుడు అసలు పరీక్ష, తప్పు గదిదా డబ్బాదా అన్నది. గది చేసే తప్పు చోటు మారితే మారుతుంది. డబ్బా చేసే తప్పు ఎక్కడికెళ్లినా వెంటే వస్తుంది. గుంయ్‌మనే ఆ ఒక్క స్వరం మీరు సీటు మారగానే తగ్గినా, సబ్‌ని వేరే గోడకు మార్చగానే వేరే స్వరంగా మారినా అది గదిదే. గది పొడవు 5 మీటర్లయితే ఆ దిశలో మొదటి అనునాదం (గది తనంతట ఎక్కువగా మోగే స్వరం) సుమారు 34 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్లయితే 43 దగ్గర వస్తుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మీ గది అంకె వచ్చేస్తుంది. మోగుతున్న స్వరం ఆ అంకెకు దగ్గరగా ఉంటే నేరం గది మీదే మోపొచ్చు.

కానీ పోర్ట్‌లో గాలి బుస, కోన్ అడుగుకు తగిలి టక్‌టక్‌మనడం, డబ్బా పలకలు గరగరమనడం వీటికి గదితో సంబంధం లేదు. సబ్‌ని వేరే గదిలోకి, వీలైతే ఆరుబయటకు మార్చి అదే శబ్దం అదే స్థాయిలో వేయండి. చప్పుడు అక్కడా వస్తే డబ్బాదే లోపం. టక్‌టక్‌మనే చప్పుడు గురించి ఒక మాట: ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కిందికి వెళ్తే పోర్టెడ్ డబ్బాలో కోన్‌కి గాలి ఆసరా పోతుంది, అదుపులేకుండా ఊగుతుంది. మంచి తయారీలో దాన్ని ఆపడానికి లోపలే ఫిల్టర్ పెడతారు. మామూలు వాల్యూమ్‌లోనే ఆ చప్పుడు వస్తోందంటే ఆ ఫిల్టర్ లేదు, లేదా చాలడం లేదు. అలా వాడుతూ పోతే డ్రైవర్ పాడవుతుంది. వెంటనే వాల్యూమ్ తగ్గించి, వీడియో తీసి పెట్టుకోండి.

కాగితం మీద సాక్ష్యం కావాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, కాలిబ్రేట్ చేసిన యూఎస్‌బీ మైక్ ఒకటి చాలు. మైక్‌ని కోన్‌కి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో పెట్టి కొలిస్తే గది ప్రభావం దాదాపు ఉండదు. పోర్ట్ ఉంటే దాని నోటి దగ్గర కూడా విడిగా కొలవాలి. కోన్ దగ్గర మాత్రమే కొలిచి ఒక చోట లోతైన గుంట కనిపించిందని కంగారుపడకండి. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ కదలిక తగ్గి, పని పోర్ట్ చేస్తుంది. ఆ గుంట ఎక్కడుందో చూస్తే డబ్బాని ఎంతకు ట్యూన్ చేశారో తెలిసిపోతుంది. నా సబ్‌లో అది 40కి కాస్త పైనే ఉంది. 20 హెర్ట్జ్ అని రాసిన అట్టపెట్టె పక్కన పెట్టి ఆ గ్రాఫ్ చూపించాను. అప్పటిదాకా గది, గది అన్నవాళ్లు తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఫోన్ మైక్‌తో తీసిన కొలతల్ని మాత్రం ఒప్పుకోలేదు, నిజానికి ఇంత కింది స్వరాల దగ్గర ఫోన్ మైక్‌ని నమ్మకూడదు కూడా. చివరికి డబ్బు వెనక్కివ్వలేదు గానీ, తేడా కట్టించుకుని కొలతలున్న వేరే మోడల్ ఇచ్చారు.

కొత్తదాన్ని నిలబెట్టేటప్పుడు, పాతకాలపు చిట్కాయే అయినా, సబ్‌ని నేను కూర్చునే చోటే పెట్టి, స్వీప్ టోన్ (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే శబ్దం) వేసి, గోడల వెంట నేలకు దగ్గరగా వంగి నడుస్తూ విన్నాను. బేస్ ఎక్కడ సమంగా ఉందో అక్కడికి మార్చాను. మూల దగ్గర శబ్దం ఎక్కువ వస్తుంది, సమంగా రాదు. గది పొడవుకు సరిగ్గా మధ్యలో సోఫా వేసుకున్నవాళ్లు దాన్ని కొంచెం వెనక్కో ముందుకో జరపండి. మొదటి అనునాదానికి అక్కడ శూన్యం ఏర్పడుతుంది, దాన్ని ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీ స్థాయిని పెంచి తగ్గించే సాధనం) పెంచబోతే ఆంప్లిఫైయర్ అలసిపోతుందే గాని గొయ్యి పూడదు. ఎత్తులను తగ్గించడానికి ఈక్వలైజర్ మంచిది. ఇంట్లో నలుగురైదుగురు వేర్వేరు సీట్లలో కూర్చుని చూస్తారనుకుంటే, ఒక పెద్ద సబ్ కన్నా రెండు మధ్యస్థమైనవి ఎదురెదురు గోడలకు ఒక్కొక్కటి, గోడ నడిమధ్యన పెట్టడం మేలు. 2002లో ధ్వని పరిశోధకుడు టాడ్ వెల్టీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి సమర్పించిన పరిశోధన పత్రంలో ఈ అమరిక బాగా పనిచేస్తుందని చూపించాడు. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే, తర్వాత అదే మోడల్ ఇంకోటి దొరికేలా చూసుకోండి.

డబ్బు కట్టేముందు బిల్లు మీదే రాయించుకోవాల్సినవి: ఇంట్లో విన్నాక నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు, పెట్టె తెరిచినా తీసుకుంటారా, రవాణా ఖర్చు ఎవరిది, లోపలి ఆంప్లిఫైయర్‌కి వారంటీ ఎంత, డ్రైవర్‌కి ఎంత. ఈ చివరి రెండూ చాలా సబ్‌లకు వేరువేరుగా ఉంటాయి, ఆంప్లిఫైయర్‌కి తక్కువ కాలం ఇస్తారు. "ఓవర్‌లోడ్ వల్ల పోయింది" అని వారంటీ తిరస్కరించే షరతు ఉందేమో చదవండి. ఉంటే, ఓవర్‌లోడ్ అయిందని దేన్నిబట్టి నిర్ణయిస్తారో రాతలో అడగండి. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ ముక్కలు ఆ గడువు ముగిసేదాకా పారేయకండి. పెట్టె లేదన్న సాకుతో వెనక్కి తీసుకోని షాపులు ఉన్నాయి. ఇవేవీ రాసివ్వనని అమ్మేవాడు అంటే ఆ షాపులో కొనకండి.