పువ్వు బొమ్మను ఎలా చదవాలి: కంటితోనా, కాలంతోనా?

కాగితం మీద పెన్సిల్‌తో గీసిన పువ్వు. మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ ఎనిమిది రేకులు, అంతే. తెలంగాణలో పాత శిల్పాలున్న ఫణిగిరి, పానగల్లు, అలంపురం చూడటానికి వెళ్లిన పిల్లలు గీసుకొచ్చే బొమ్మల్లో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. దీని అర్థం చెప్పాలంటే రెండు దారులున్నాయి. బొమ్మను మాత్రమే చూసి చెప్పొచ్చు. లేదా అది ఎక్కడిది, ఏ కాలానిది, ఎవరి కోసం చెక్కారు అని అడిగి చెప్పొచ్చు.

మొదటి దారిని తీసిపారేయకూడదు. రేకుల కొస మొనదేలి ఉందా, నడుమ గింజల దుద్దు కనబడుతోందా అని చూస్తేనే అది తామరో కాదో తేలుతుంది. శిల్పి చేతి పనితనం కూడా అక్కడే తెలుస్తుంది. కానీ అర్థం దగ్గరికొచ్చేసరికి ఈ దారి ఆగిపోతుంది. తామర అంటే పవిత్రత అని ఒక్క మాటతో ముగించేస్తారు. ఏ పువ్వుకైనా సరిపోయే మాట అది. ఈ పువ్వు గురించి చెప్పిందేమీ లేదు.

ఇప్పుడు అదే బొమ్మ కింద ఊరి పేరు రాసి చూడండి.

ఫణిగిరి అయితే శాతవాహనుల, ఇక్ష్వాకుల నాటి బౌద్ధ క్షేత్రం. తొలినాటి బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపేవారు కాదు. ఖాళీ ఆసనం, బోధి చెట్టు, చక్రం, పాదాలు ఆయన ఉన్నాడని చెప్పేవి. అలాంటి చోట తామరను బుద్ధుడి పుట్టుకకు గుర్తుగా చదివిన పండితులున్నారు.

కొలనుపాక లాంటి జైన క్షేత్రంలో, తీర్థంకరుడి (జైనులు కొలిచే గురువు) విగ్రహం పీఠం మీద తామర కనిపిస్తే లెక్క మారిపోతుంది. అక్కడ అది ఆ విగ్రహానికి పేరుపలక లాంటిది. ఎర్ర తామర ఆరో తీర్థంకరుడు పద్మప్రభుడి గుర్తు, నీలి తామర ఇరవై ఒకటో తీర్థంకరుడు నమినాథుడిది. రాతికి రంగు ఉండదు, పెన్సిల్ బొమ్మకూ ఉండదు. కాబట్టి ఎంత పరీక్షగా చూసినా కన్ను ఈ చిక్కు విప్పలేదు. పీఠం మీద శాసనం ఉంటే అదే దిక్కు.

శైవ గుడి మంటపం పైకప్పులో తామర ఉండి, చుట్టూ అష్టదిక్పాలకులు ఉంటే, ఎనిమిది రేకులను ఎనిమిది దిక్కులుగా చదవడానికి ఆధారం దొరుకుతుంది. వాళ్లు లేకపోతే ఆ మాట గట్టిగా అనకూడదు.

రెండో దారికీ ఒక ప్రమాదం ఉంది. ప్రతి పువ్వులో చరిత్ర వెతకడం అలవాటైపోతుంది. మన వాకిట్లో చుక్కల ముగ్గులో ఎనిమిది రేకులొచ్చాయంటే అది చుక్కల లెక్క వల్ల కూడా కావచ్చు. శుక్రవారమని లక్ష్మీదేవి కోసం పద్మం వేసి ఉండొచ్చు. అక్కడ పుస్తకం తెరవడం కంటే ముగ్గేసిన అమ్మను అడగడం నయం.

అయినా నా ఓటు రెండో దారికే, కంటిచూపుతో మొదలుపెట్టి. పాత బౌద్ధ కట్టడాలున్న నాగార్జునకొండ లోయ నాగార్జునసాగర్ డ్యామ్ నీళ్లలో మునగబోతుంటే 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ఏ రాయి ఏ కట్టడంలో దొరికిందో రాసి పెట్టారు గనకే, వేరే చోటికి చేరిన ఆ శిల్పాలను ఇవాళ్టికీ వాటి చోటుతో కలిపి చదవగలుగుతున్నాం.

పిల్లలతో బొమ్మలు గీయించే టీచర్లకు నా విన్నపం ఒక్కటే. పువ్వు పక్కన ఊరు, గుడి పేరు రాయించండి. అది కప్పు మీదుందా, స్తంభం మీదా, గడప మీదా అన్నదీ, దాని చుట్టూ ఏమున్నాయో కూడా రాయించండి. పానగల్లు మ్యూజియంలో గీస్తే, ఆ రాయి ఏ ఊరి నుంచి వచ్చిందో అక్కడివాళ్లను అడిగి మరీ రాయించండి.