స్ట్రైప్ బిల్లింగ్ సమీక్ష: కువైట్ దినారుకీ జపాన్ యెన్‌కీ ఒకే లెక్క కుదరదు

నెలనెలా చందా కట్టించుకునే ఆన్‌లైన్ వ్యాపారానికి డాలర్లలో ఒకే ధర పెట్టి ఊరుకోవడం అమ్మేవాళ్లకు సుఖం, కట్టేవాళ్లకు చికాకు. హైదరాబాద్‌లో ఉన్న మనిషి పది డాలర్ల చందా కడితే బ్యాంకు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం దాకా ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్చినందుకు అదనపు రుసుము) వేస్తుంది, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పైగా ప్రతి నెలా ఎస్సెమ్మెస్‌లో కొత్త అంకె. ‘పోయిన నెల కంటే ఎక్కువ కోశారేంటి’ అని సపోర్టుకు ఉత్తరం వస్తుంది. ఆన్‌లైన్‌లో కార్డు చెల్లింపులు వసూలు చేసిపెట్టే సేవ స్ట్రైప్. ఎవరి కరెన్సీలో వాళ్లకు ధర చూపించడానికి అది ఇచ్చే దారులు రెండు. వాటిలో ఒకటి నిక్షేపంగా పనికొస్తుంది, రెండోదాన్ని చందాలకు వాడే ముందు ఆలోచించాలి.

మొదటిది, ధరలు మనమే పెట్టుకోవడం. ప్రాడక్ట్ కేటలాగ్‌లో నెలవారీ ధర ఒకటి డాలర్లలో తయారుచేసి, అదే ధరకు ‘కరెన్సీ ఆప్షన్స్’ కింద పౌండు, యూరో, దినారు, రూపాయి చేర్చాలి. చాలామంది కరెన్సీకో ధర విడిగా సృష్టించి, దేశాన్ని బట్టి ఏది చూపించాలో కోడ్‌లో రాసుకుంటారు. అంత శ్రమ అనవసరం. ఒకే ధరలో అన్నీ ఉంటే స్ట్రైప్ చెల్లింపు పేజీ ‘చెక్అవుట్’ ఐపీ అడ్రస్ చూసి తగిన కరెన్సీ తనే ఎంచుకుంటుంది. మారకం రేటు రోజూ ఊగినా మీరు పెట్టిన 8 పౌండ్లు 8 పౌండ్లుగానే ఉంటాయి. పరీక్షించడానికి వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. టెస్ట్ మోడ్‌లో కస్టమర్ ఈమెయిల్‌లో ‘@’ గుర్తుకు ముందు ‘+’, దాని వెంట ‘లొకేషన్’ అనే మాట, అండర్‌స్కోర్, రెండక్షరాల దేశం కోడ్ ఇంగ్లిష్‌లో చేర్చి పంపితే ఆ దేశంవాళ్లకు పేజీ ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది.

ఒక మెలిక ఉంది. ఆ చెక్అవుట్‌లో ఉన్న ప్రతి వస్తువుకూ ఆ కరెన్సీలో ధర ఉండాలి. చందాకు పౌండు ధర పెట్టి, పక్కనున్న యాడ్-ఆన్‌కు మరిచిపోతే మొత్తం పేజీ చడీచప్పుడు లేకుండా డాలర్లకు వెళ్లిపోతుంది. ఫలానా మొత్తం తగ్గింపు అనే కూపన్లదీ ఇదే కథ, ప్రతి కరెన్సీకీ అంకె ఇవ్వాలి. శాతంలో ఇచ్చే కూపన్‌కు ఈ బెడద లేదు.

ఎక్కువమంది బోల్తాపడేది పైసల దగ్గర. ఏపీఐలో (మన కోడ్ స్ట్రైప్‌తో మాట్లాడే మార్గం) మొత్తాన్ని అన్నిటికంటే చిన్న యూనిట్‌లో రాయాలి: పది డాలర్లంటే 1000. యెన్‌కు పైసల్లాంటివి లేవు కాబట్టి 1,500 యెన్‌ను 1500 అనే రాయాలి. అలవాటుగా వందతో గుణించారా, జపాన్‌లో ఉన్నవాళ్లకు 1,50,000 యెన్ బిల్లు వెళ్తుంది. కువైట్ దినారు దీనికి తలకిందులు. ఒక దినారంటే వెయ్యి ఫిల్సులు, కాబట్టి మూడు దినార్లంటే 3000. వందతోనే గుణిస్తే 300, అంటే దినారులో మూడో వంతు కూడా రాదు. ఈ తప్పు మీద కస్టమర్ ఎందుకు ఫిర్యాదు చేస్తాడు? లెక్కలు సరిచూసుకునేదాకా బయటపడదు. ఇంకో నియమం: మూడు దశాంశాల కరెన్సీల్లో చివరి అంకె సున్నా అయి ఉండాలి. 3.125 దినార్లు కుదరదు, 3120 గానీ 3130 గానీ పెట్టాలి. బహ్రెయిన్, ఒమన్, జోర్డాన్‌లకూ ఇదే వర్తిస్తుంది. గల్ఫ్‌లో తెలుగువాళ్లను నమ్ముకుని ఆన్‌లైన్ క్లాసులు నడిపేవాళ్లు ఈ లెక్కను గోడకు అంటించుకోవాలి.

రెండో దారి పేరు అడాప్టివ్ ప్రైసింగ్. ఆన్ చేస్తే చాలు, అప్పటి మారకం రేటు ప్రకారం స్ట్రైపే ధరను మార్చి చూపిస్తుంది, మీకు మాత్రం మీ కరెన్సీలోనే వస్తుంది. కానీ 2 నుంచి 4 శాతం మార్పిడి రుసుము రేటులోనే కలిసి కస్టమర్ నెత్తిన పడుతుంది. ఒక్కసారి కొని వెళ్లిపోయే వస్తువుకు పర్వాలేదు. ఏళ్ల తరబడి కట్టే చందాకు గుండ్రటి అంకే మేలు. పైగా ఇండియాలో తక్కువ ధర, అమెరికాలో ఎక్కువ ధర పెట్టుకునే వీలు ఇందులో లేదు.

అలా దేశానికో ధర పెట్టేవాళ్లకు వీపీఎన్ వేసుకుని రూపాయల ధర కొట్టేసేవాళ్లు తగులుతారు. కార్డు దేశం, ఐపీ దేశం కలవకపోతే ఆపేయమని స్ట్రైప్ మోసాలు పట్టే సాధనం రాడార్‌లో రూల్ రాయొచ్చు. తెలుగు కస్టమర్లున్న చోట ఇది ఎదురుతన్నుతుంది: విజయవాడలో ఉన్న అమ్మానాన్నల చందాకు డల్లాస్‌లో ఉన్న కూతురి కార్డు పెట్టడం మామూలే. ఆపేయడం కంటే అలాంటివాటిని పక్కన పెట్టి మనిషి చూడటం నయం.

స్ట్రైప్‌లో అసలు లోపం వేరే ఉంది. ఒక కస్టమర్‌కు ఒక కరెన్సీలో చందా నడుస్తుండగా వేరే కరెన్సీలో ఇంకోటి మొదలుపెట్టలేం. నడిచే చందా కరెన్సీనీ మార్చలేం. రూపాయల్లో చేరిన విద్యార్థి అమెరికా వెళ్లి డాలర్లలో కడతానంటే పాత చందా రద్దు చేసి, పెండింగ్‌లో ఉన్న ఇన్‌వాయిస్ ఐటమ్స్, డిస్కౌంట్లు తీసేసి, అప్పుడు కొత్తది తెరవాలి. అదే ఈమెయిల్‌తో రెండో కస్టమర్ రికార్డును సృష్టించడానికి స్ట్రైప్ ఒప్పుకుంటుంది గానీ పాత కార్డు అటు రాదు, మళ్లీ అడగాల్సిందే. మిగిలిన రోజుల డబ్బు కొత్త కరెన్సీలోకి దానంతటదే సర్దుబాటు కాదు, ఆ లెక్క మీరే చేతితో కట్టాలి.

ఖర్చు సంగతి. అమెరికా ఖాతా ప్రకటిత రేట్లలో కార్డుకు 2.9 శాతంతో పాటు 30 సెంట్లు, విదేశీ కార్డయితే 1.5 శాతం, కరెన్సీ మార్చితే 1 శాతం, బిల్లింగ్‌కు 0.7 శాతం. పది డాలర్ల విలువైన పౌండ్ల చందాపై 91 సెంట్లు పోతాయి. పన్నుల బాధ్యత కూడా నెత్తికెత్తుకునే పోటీ సేవ పాడిల్ 5 శాతం, 50 సెంట్లు తీసుకుంటుంది, అంటే డాలరు. చందా సుమారు 18 డాలర్లు దాటితే ఈ లెక్క పాడిల్ వైపు మొగ్గుతుంది. దాని మారకం రేటులో ఎంత మార్జిన్ ఉందో ముందే అడిగి ఆ లెక్కలో కలుపుకోండి. రీఫండ్‌లోనూ చిల్లు పడుతుంది: కస్టమర్‌కు కట్టిన పౌండ్లు కట్టినట్టే వెళ్తాయి, మీ ఖాతాలో మాత్రం ఆ రోజు రేటు ప్రకారం కోత. ముందు తీసుకున్న ఫీజు తిరిగి రాదు.

ఇండియా కార్డులకు రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి ప్రతిసారీ దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి) నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్నాయి. వసూలుకు 24 గంటల ముందు బ్యాంకు నోటీసు పంపాలి, మామూలు చందాల్లో 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ. అందుకే రెన్యూవల్ ఒక రోజుకు పైగా ‘ప్రాసెసింగ్’లోనే ఉంటుంది. అది చూసి క్లాసు మూసేయకండి, ‘ఇన్‌వాయిస్ పెయిడ్’ వెబ్‌హుక్ (డబ్బు అందిందని స్ట్రైప్ మీ సర్వర్‌కు పంపే సందేశం) వచ్చేదాకా ఆగండి.

మీ కంపెనీయే ఇండియాలో ఉంటే 2024 నుంచి స్ట్రైప్ ఖాతా ఆహ్వానం మీదే దొరుకుతోంది. ఇప్పటికే ఖాతా ఉన్నవాళ్లకు విదేశీ చెల్లింపులు ‘ఎగుమతి లావాదేవీ’ అన్న ఎర్రర్‌తో తిరిగొస్తుంటే, సాధారణంగా కస్టమర్ పేరు, చిరునామా, లేదా చెల్లింపు వివరణ పంపకపోవడమే కారణం. చెక్అవుట్‌లో బిల్లింగ్ అడ్రస్‌ను తప్పనిసరి చేయండి, సొంత ఫారం అయితే ఆ మూడూ కోడ్‌లో పంపండి.