పాల్బోనా, రైబోనా: ఏది మేలు?

నెల్లూరు పొగతోటలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడే నన్ను రొమ్ము కేన్సరు మందులు పాల్బోసిక్లిబ్ (పాల్బో), రైబోసిక్లిబ్ (రైబో) గురించి ఈ ప్రశ్న చాలామంది అడిగారు. చీటీలో ఉన్నది ఇచ్చి పంపడమే గాని నేనెప్పుడూ లోతుకు పోలేదు. మొన్న మా పెద్దమ్మకే వచ్చిపడింది. ఆమెది కావలి, వయసు 68. రొమ్ము కేన్సరు ఎముకలకు పాకింది. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్. అంటే ఈస్ట్రోజెన్ హార్మోను అండతో పెరిగే రకం, హెర్-2 అనే ప్రొటీను ఎక్కువగా లేనిది. నెల్లూరు డాక్టరు పాల్బోసిక్లిబ్ అన్నారు, ఇంకొకరి మాట కూడా విందామని చెన్నై పోతే అక్కడ రైబోసిక్లిబ్ రాశారు. పినాకిని రైల్లో తిరిగొస్తానే ఫోన్ చేసింది: "ఏంది అబ్బయా ఇది, రెండు చీటీలు. ఏది మింగేది?"

రెండూ ఒకే జాతి మందులు. కణం రెండుగా చీలాలంటే సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు దారి వదలాలి, ఈ మందులు వాటిని కట్టేస్తాయి. రెంటికీ లెట్రోజోల్ లాంటి, హార్మోనును అణిచే బిళ్ళ తోడుండాలి. రెండూ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపేవే. ఆ వారం లెట్రోజోల్ కూడా ఆపేసి వచ్చేవాళ్ళను ఎంతమందిని చూశానో! దానికి సెలవు లేదు, రోజూ వేసుకోవాల్సిందే.

ఇక అసలు తేడాలు. అమెరికాలో పాల్బోకు 2015లో, రైబోకు 2017లో అనుమతి వచ్చింది. జబ్బును కదలకుండా ఎన్నాళ్ళు ఆపుతాయంటే ఇంచుమించు సమానం. పాలోమా-2 అనే అధ్యయనంలో లెట్రోజోల్‌తో పాల్బో కలిపినప్పుడు సగం మందిలో జబ్బు మళ్ళీ పెరగడానికి 24.8 నెలలు పట్టింది, లెట్రోజోల్ ఒక్కటే వాడితే 14.5. మోనలీసా-2లో రైబో కలిపితే 25.3, కలపకపోతే 16. తేడా తెలిసేది ఆయుష్షు దగ్గర. రైబో వాడినవారిలో సగం మంది 63.9 నెలలు దాటి బతికారు, వాడనివారిలో 51.4 నెలలు. ఏడాది పైమాటే. పాల్బోకు వస్తే 53.9, 51.2. ఆ కాస్త తేడా మందు వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేమని లెక్కలు తేల్చాయి.

అయితే ఇవి వేరువేరు అధ్యయనాలు, వాటిలో చేరినవాళ్ళూ వేరు. ఒక జతతో ఒంగోల్లో, ఇంకో జతతో కావలిలో బండ లాగించి ఏ ఎద్దులు గొప్పవని తేలిస్తే ఎట్టుంటుందో ఇదీ అంతే. అయినా, ఖర్చూ గుండే అడ్డు రాకపోతే నా మొగ్గు రైబో వైపే. ముట్లు ఆగని వయసు వాళ్ళకైతే మరీను. మోనలీసా-7లో అట్లాంటి వాళ్ళకే ఇచ్చారు, అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షను తోడు పెట్టి. మూడున్నరేళ్ళ తర్వాత రైబో వాడినవారిలో నూటికి 70 మంది బతికున్నారు, వాడనివారిలో 46 మంది.

ఖర్చు సంగతికొస్తే పాల్బో ముందు రైబో నిలవదు. పాల్బో పేటెంటు మన దేశంలో 2023 జనవరిలో తీరిపోయింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. రైబో కొనలేక 2022లో ఒకావిడ కేరళ హైకోర్టుకు పోయింది. ఆ ఒక్క మందుకే నెలకు 58,140 రూపాయలవుతోందని చెప్పుకుంది. కేసు తేలకముందే పోయింది. పొలం అమ్మి ఆరు నెలలు రైబో వాడి ఆపేయడం కన్నా ఏళ్ళ తరబడి తెగకుండా పాల్బో వాడటమే మేలని నేనంటాను.

ఖర్చులోనే ఒక మెలిక ఉంది. రైబో అంటే 200 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు. పడకపోతే డాక్టరు రెండుకు తగ్గిస్తారు, కొన్న డబ్బా వృథా కాదు. పాల్బో 125 నుంచి 100కు దిగితే కొత్త స్ట్రిప్పు కొనాల్సిందే. కాకపోతే ఆ మూడు బిళ్ళలూ ఒకేసారి మింగాలి. "మూడంటే మూడు పూటలా గదా" అని పంచుకునే వాళ్ళున్నారు, జాగ్రత్త.

తెల్లకణాలు తగ్గడం రెంటిలోనూ ఉంది, పాల్బోతో ఇంకాస్త ఎక్కువ. మొదటి రెండు నెలలూ రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పదు. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా ఆసుపత్రికి పోవాలి. రైబోకు పైగా లివరు పరీక్షలు, ఈసీజీ కూడా కావాలి. గుండె కొట్టుకునే తీరులో క్యూటీ అనే కొలత ఉంటుంది, రైబో దాన్ని సాగదీస్తుంది, మరీ సాగితే గుండె లయ తప్పే ప్రమాదం. మొదలుపెట్టే ముందు అది 450 మిల్లీసెకన్ల లోపల ఉండాలి. 14వ రోజు మళ్ళీ చూడాలి.

నాకు భయం పరీక్షల గురించి కాదు, మా లాంటి షాపుల గురించే. గొంతు నొప్పంటే అజిత్రోమైసిన్, వాంతులంటే ఆన్‌డాన్‌సెట్రాన్, కడుపుబ్బరమంటే డోంపెరిడోన్ కలిపిన గ్యాస్ బిళ్ళ. చీటీ లేకుండానే ఇచ్చేస్తాం, ఊళ్ళో ఆర్‌ఎంపీలూ అంతే. ఈ మూడూ క్యూటీని సాగదీసేవే. అందుకే రైబో వాడే మనిషి 'రైబోసిక్లిబ్' అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుని, ఏ మందు కొన్నా చూపించాలి. పాల్బోకు ఈ గొడవ లేదు గానీ, క్యాప్సూల్ అయితే అన్నం తిన్నాకే వేసుకోవాలి, పరగడుపున గ్యాస్ బిళ్ళతో పడితే సరిగా ఒంటికి పట్టదు. పంపరపనస రెంటికీ వద్దు.

అబెమాసిక్లిబ్ అని మూడోది కూడా ఉంది. రోజుకు రెండుసార్లు, విరామం లేదు, విరేచనాలు ఎక్కువ. కనిగిరి నుంచి బస్సులో వచ్చేవాళ్ళకు అదెంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

పెద్దమ్మకు నెల్లూర్లోనే ఈసీజీ తీయించాం. క్యూటీ 462. చెన్నై డాక్టరుకు ఫోన్లో చెబితే, "అయితే పాల్బోనే వాడండి" అన్నారు. అదే వారం పొదిలి నుంచి ఒకామె వచ్చింది, 44 ఏళ్ళు, ఈసీజీ బాగుంది, భర్త ఉద్యోగంలో ఇన్సూరెన్సు ఉంది. చీటీలో రైబో. మారు మాట్లాడకుండా మూడు స్ట్రిప్పులు తీసిచ్చి, మూడూ ఒకే పూట అని డబ్బా మీద పెన్నుతో పెద్దగా రాశాను.