వెతకనివి రాసుకునే నోటుబుక్కు: నాలుగేళ్ల వాడకం తర్వాత

తిరుపతి గాంధీరోడ్డులో కొన్న అరచేతంత నోటుబుక్కు ఇది. మామూలు గీతల పుస్తకమే, బ్రాండూ గీండూ ఏం లేదు. నాలుగేళ్లలో ఇలాంటివి ఐదు నింపాను కాబట్టి రివ్యూ రాసే అర్హత వచ్చిందనుకుంటున్నా. లెక్కలు, ఫోన్ నంబర్లు దీంట్లో రాయను. ఒకదాని కోసం వెతుకుతుంటే ఇంకోటి దొరుకుతుంది చూడండి, అవే రాస్తాను. పేజీకి మూడు గళ్లు: ఏం దొరికింది, అప్పుడు మూడ్ ఎలా ఉంది, తర్వాత పనికొచ్చిందా. మూడ్ గడి మొదట్లో సరదాకి గీసిందే. ఇప్పుడు తిరగేస్తే పుస్తకం మొత్తంలో చదవాల్సింది ఆ గడే.

మొదటి పుస్తకంలో నూనె మరకల పేజీ ఒకటుంది. ఆ రోజు జీతం పడింది, వాన వెలిసి చల్లగా ఉంది, ఇంటికెళ్లే తొందర లేదు. బైరాగిపట్టెడలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ, చుట్టిచ్చిన పేపరు ముక్క ఊరికే చదువుతున్నా. సగం చిరిగిన వ్యవసాయం కాలమ్, మామిడిలో పండు ఈగ గురించి. మిథైల్ యూజినాల్ అనే మందు వాసనకి మగ ఈగలు వచ్చి పడతాయని, దాంతో ఎర డబ్బాలు చేసి చెట్లకి కట్టమని ఉంది. చిత్తూరు పక్కన మా నాయనకి తోతాపురి తోట ఉంది, అంతకు ముందు ఏడు కాయ కోస్తే లోపలంతా పురుగులే. ఫోన్ చేసి చెబితే "బజ్జీల పేపర్లో సేద్యం నేర్చుకుంటా ఉండావా అబ్బోడా" అని నవ్వాడు, కానీ మరుసటి ఏడు డబ్బాలు కట్టాడు. వారం తిరక్కుండానే అడుగున ఈగలు నల్లగా పేరుకున్నాయి. బెడద పూర్తిగా పోలేదు, ఆడ ఈగలు ఆ వాసనకి రావు, రాలిన కాయలు ఏరి గుంటలో పూడ్చాల్సిందే. అయినా గుజ్జు ఫ్యాక్టరీకి వేసిన లోడులో తిప్పి పంపిన కాయ తగ్గింది. ఆ పేజీ మూడ్ గడిలో "తీరిక" అని ఉంది.

టెన్షన్ అని రాసిన పేజీలు వేరే కథ. మా చెల్లెలి కాగితాల పని మీద ఒక ఆఫీసుకెళ్లి రెండు గంటలు క్యూలో నిలబడ్డా. పన్నెండున్నరకి కౌంటర్ దాకా వస్తే ఇది ఇక్కడ కాదు, పక్క బిల్డింగ్‌లో, అదీ పన్నెండు లోపే అన్నారు. రాత్రి ఫోన్‌లో చూసుకుంటే, నేను చెల్లెలికి పంపిన టోకెన్ ఫోటోలోనే వెనక గోడ మీద బోర్డు ఉంది. పసుపు రంగు మీద నల్లక్షరాలు, తెలుగులోనే. రెండు గంటలు దాని ముందే ఉన్నా!

దీనికి మా మేనకోడలు నవ్వలేదు. తను ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ చదువుతోంది. "నీ ఒక్కడికే కాదు మామా" అని రిచర్డ్ వైజ్‌మన్ అనే బ్రిటన్ సైకాలజిస్టు చేసిన ప్రయోగం చెప్పింది. పేపర్లో ఎన్ని ఫోటోలున్నాయో లెక్కపెట్టమన్నాడట. రెండో పేజీలోనే సగం పేజీ పెద్దక్షరాల్లో, లెక్క ఆపండి, మొత్తం 43 ఉన్నాయి అని వేయించాడు. మాకు అదృష్టం లేదు అనుకునేవాళ్లు ఎక్కువగా దాన్ని దాటేసి లెక్కపెడుతూనే పోయారట, వాళ్లలో టెన్షన్ ఎక్కువని ఆయన చెప్పిన కారణం. ఉద్రేకం పెరిగేకొద్దీ మనసుకి ఆనే వివరాలు తగ్గుతాయని ఈస్టర్‌బ్రుక్ అనే ఆయన 1959లోనే రాశాడట. ఇలా తగిలే సమాచారం మీద చాలాకాలంగా పనిచేసిన సాండా ఎర్డెలెజ్ అనే పరిశోధకురాలి లెక్కలో కంటపడటం మొదటి మెట్టే, ఆగాలి, పరిశీలించాలి, దాచుకోవాలి, మళ్లీ అసలు పనికి తిరిగి రావాలి. నా పుస్తకం దాచుకునే మెట్టుకి పనికొస్తుంది, మిగతా వాటికి కాదు. ముఖ్యంగా ఆ ఆగడం దగ్గర.

అలాగని సంతోషంగా ఉంటే అన్నీ దొరుకుతాయనుకోకండి. తిరుమలలో దర్శనం బాగా జరిగిన రోజు లడ్డూ కౌంటర్ దగ్గర నిలబడి రెండు పేజీలు రాశాను. కర్ణాటక నుంచి వచ్చిన పెద్దాయన చెప్పిన మోకాళ్ల కషాయంతో సహా. ఒక్కటీ పనికిరాలేదు. ఆనందంలో కళ్లు బాగానే తెరుచుకుంటాయి, జల్లెడే చిరిగిపోతుంది. కోపం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. మిక్సీ కాలిపోయిన రోజు, కంపెనీ వాళ్లని తిట్టడానికి నంబర్ కోసం వారంటీ కార్డు తిరగేస్తుంటే మోటారుకి విడిగా 5 ఏళ్లని చిన్నక్షరాల్లో కనిపించింది. మామూలప్పుడు ఆ కార్డు చచ్చినా చదవను.

నాయన ఆసుపత్రిలో ఉన్నప్పటి పేజీలు ఖాళీ. పుస్తకం రోజూ జేబులోనే ఉంది, చెమటకి అట్ట రంగు చొక్కాకి అంటింది కూడా.

లోపాలంటే, ఏడెనిమిది నెలలకి కుట్టు ఊడుతుంది, జెల్ పెన్ను వెనక పేజీకి దిగుతుంది, రాసింది వెతుక్కోవాలంటే మొత్తం తిప్పాల్సిందే. ఫోన్‌లో ఫోటో తీసుకోవచ్చు కదా అంటారు, తీస్తాను కూడా, కానీ ఆ ఫోటో తీసినప్పుడు నేనెలా ఉన్నానో ఫోన్‌కి తెలీదు. ఐదుకి మూడున్నర ఇస్తా. నాలుగో పుస్తకం మేనకోడలు ప్రాజెక్టుకని తీసుకెళ్లి మూడు నెలలైంది, ఇంకా తిరిగివ్వలేదు. ఐదో దాంట్లో ఆ రోజు మూడ్ గడిలో "చిరాకు" అని రాసి పెట్టా.