నౌసికా సంగీతం కోసం వేసిన 1984 నాటి పోస్టర్: బొమ్మ కంటే కింది పట్టీకే విలువ

మియజాకి హయావో దర్శకత్వం వహించిన ‘గాలి లోయ నౌసికా’ యానిమేషన్ చిత్రానికి చెందిన పాత జపాను పోస్టర్లలో సినిమాహాళ్ళ కోసం అచ్చువేసినవాటికి ఉన్న గిరాకీ, ఆ చిత్ర సంగీతాన్ని అమ్మడానికి రికార్డు దుకాణాలకు పంపినవాటికి లేదు. సేకరించేవాళ్ళలో చాలామంది ఈ రెండో రకాన్ని సవతి బిడ్డలా చూస్తారు. సినిమా విడుదల తేదీకి బదులు రికార్డు నంబరు, నటీనటుల పేర్లకు బదులు క్యాసెట్ ధర ఉన్న కాగితాన్ని గోడకు ఎందుకు తగిలించుకోవాలన్నది వాళ్ళ ప్రశ్న. టోక్యోలోని జింబోచో పాతపుస్తకాల వీధుల్లో ఒక దుకాణం నుంచి ఈ సౌండ్‌ట్రాక్ పోస్టర్‌ను కొని, కొంతకాలంగా దగ్గర పెట్టుకుని చూసిన మీదట, ఆ నంబరూ ఆ ధరా ఉండడం వల్లనే దీన్ని కొనాలన్నది నా అభిప్రాయం.

కాగితం కొలత బీ2, అంటే 515 మిల్లీమీటర్ల వెడల్పు, 728 మిల్లీమీటర్ల ఎత్తు. జపానులో సినిమా పోస్టర్లకు స్థిరపడిన కొలత కూడా ఇదే. కాగితం పలచగా, నున్నటి పూతతో ఉంది. చేత్తో ఎత్తితే వచ్చే గరగర శబ్దాన్ని బట్టే ఇది నేటి మందపాటి పునర్ముద్రణ కాదని తెలుస్తుంది. బొమ్మ గురించి ఎక్కువ చెప్పను. సినిమా చూసినవాళ్ళకు అది కొత్తది కాదు, చూడనివాళ్ళకు నా వర్ణన సరిపోదు. నీలాలూ ఆకుపచ్చలూ ఇంకా నిండుగానే ఉన్నాయి కానీ, చర్మపు ఛాయల్లో ఉండవలసిన ఎరుపు కొంత వెలిసింది. కిటికీ వెలుతురు పడే చోట వేలాడిన ఆఫ్‌సెట్ ముద్రణల్లో పసుపు, ఎరుపు సిరాలు ముందుగా పోయి నీలం మిగలడం మామూలే కనుక, ఈ ప్రతి కొంతకాలమైనా ఏదో ఒక దుకాణం గోడ మీద తన పని తాను చేసిందని అనుకోవచ్చు. పెట్టెలో నుంచి బయటికి రాని ప్రతుల కంటే ఇలాంటి ప్రతే నాకు ఇష్టం, అయితే అందరికీ అలా ఉండాలని లేదు.

అసలూ నకలూ తేల్చుకోవడానికి పది రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. బొమ్మ ఉన్న చోట నాలుగు రంగుల చుక్కలు వేర్వేరు కోణాల్లో పడి చిన్న చిన్న పూల వంటి వలయాలుగా కనిపిస్తాయి. కానీ చూడవలసింది బొమ్మను కాదు, అక్షరాలను. ఆనాటి అచ్చులో సన్నటి నల్ల అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే, అంచులు తెగినట్టు స్పష్టంగా పడతాయి. పాత పోస్టర్‌ను స్కాన్ చేసి మళ్ళీ అచ్చువేస్తే ఆ అక్షరాలు కూడా రంగు చుక్కలుగా చెదిరిపోయి, అంచుల్లో ఎరుపో నీలమో చిమ్మినట్టు కనిపిస్తుంది. ఇంక్‌జెట్ నకలులో అయితే ఆ వలయాలు ఉండనే ఉండవు, సిరా తుంపర్లు క్రమం లేకుండా పడి ఉంటాయి. నా ప్రతిలో కంపెనీ చిరునామా ఉన్న వరుస, పోస్టర్ మొత్తం మీద అన్నిటికంటే చిన్న అక్షరాలు, భూతద్దం కింద కూడా చెక్కినట్టే ఉంది.

ఇక ధర, రికార్డు నంబరు, హక్కుల వరుస ఉన్న కింది పట్టీ విషయం. ఒకప్పుడు దుకాణదారుడికి తప్ప మరెవరికీ పనికిరానట్టు కనిపించిన ఆ నాలుగు అంగుళాలే ఈరోజు పోస్టర్ పుట్టిన కాలానికి సాక్ష్యం చెబుతున్నాయి. ఎల్‌పీ, క్యాసెట్ ధరలు యెన్‌లలో ఉన్నాయి, పన్ను ప్రస్తావన ఎక్కడా లేదు. జపానులో మూడు శాతం వినియోగ పన్ను 1989 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది కాబట్టి, ఆ తరువాతి ప్రచార కాగితాల్లో ధర పక్కన పన్ను మాట కనిపించడం పరిపాటి. టెలిఫోను నంబరులో టోక్యో కోడ్ 03 తరువాత ఏడు అంకెలే ఉన్నాయి. 1991 జనవరి 1 నుంచి టోక్యో నంబర్ల ముందు మరో 3 చేరి అవి ఎనిమిది అంకెలయ్యాయి. అన్నిటికంటే గట్టి ఆధారం హక్కుల వరుస. అందులో మియజాకి సొంత సంస్థ నిబారికి, ప్రచురణ సంస్థ తొకుమా షోతెన్, ప్రకటనల సంస్థ హకుహోదో పేర్లు ఉన్నాయి తప్ప, మియజాకి తరువాతి చిత్రాలు తీసిన స్టూడియో జిబ్లీ పేరు లేదు, ఉండే అవకాశమూ లేదు. చిత్రం విడుదలైంది 1984 మార్చి 11న. జిబ్లీ స్థాపన జరిగింది 1985లో. ఈ చిత్రాన్ని నిర్మించి ఇచ్చింది టాప్‌క్రాఫ్ట్ అనే మరో స్టూడియో. కనుక జిబ్లీ చిహ్నమైన తొతొరో బొమ్మ ముద్ర ఉన్న నౌసికా పోస్టర్‌ను ఎవరైనా 1984 నాటిదని చెబితే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. 2018 నుంచి ఈ చిత్ర సంగీతం ఎల్‌పీ రికార్డులుగా మళ్ళీ విడుదలైంది కాబట్టి, ఆ కొత్త విడుదలల కాగితాలు పాతవాటితో కలిసిపోయే ప్రమాదం ఎక్కువ.

ఒక చిత్ర సంగీతానికి విడిగా ఇంత పెద్ద పోస్టర్ ఎందుకు వేశారన్న సందేహానికి సమాధానం తొకుమా సంస్థ వ్యాపారంలో ఉంది. ఈ సినిమాకు ఆధారమైన మియజాకి బొమ్మల కథ 1982లో ధారావాహికగా మొదలైంది తొకుమా షోతెన్ ప్రచురించే ‘అనిమేజ్’ మాసపత్రికలో. చిత్రానికి పెట్టుబడి పెట్టినవారిలో ఆ సంస్థ ఉంది, రికార్డులు తెచ్చింది దాని రికార్డుల కంపెనీ తొకుమా జపాన్. పత్రిక పాఠకుడే ప్రేక్షకుడు, ప్రేక్షకుడే రికార్డు కొనేవాడు కావాలన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో సంగీతం సినిమా వెనక నడవలేదు, ముందు నడిచింది. సినిమా హాళ్ళకు రాకముందే, 1983 నవంబరులో, కథను బట్టి సంగీత దర్శకుడు జో హిసాయిషి కూర్చిన ఇమేజ్ ఆల్బమ్ విడుదలైంది. ఆనాటికి ఆయన పేరు చూసి రికార్డు కొనేవాళ్ళు తక్కువ. ఆ ఆల్బమ్ మియజాకికీ, నిర్మాతగా ఉన్న తకహత ఇసావోకీ నచ్చడం వల్లనే చిత్రానికి సంగీతం సమకూర్చే అవకాశం ఆయనకు దక్కింది. ఆ తరువాత సౌండ్‌ట్రాక్, సింఫనీ రూపం విడివిడి రికార్డులుగా వచ్చాయి. యసుదా నరుమి పాడగా హొసొనో హరువోమి స్వరపరిచిన పాట ఒకటి ప్రచారంలో బాగా వినిపించినా సినిమాలో మాత్రం లేదు. ఇన్ని రికార్డులు ఒకే చిత్రం పేరుతో అల్మారాలో నిలబడినప్పుడు, ఏది ఏదో కొనేవాడికి చెప్పే బాధ్యత ఈ పోస్టర్ కింది పట్టీ మీదే పడింది. కొనబోయేవాళ్ళు కూడా అక్కడి రికార్డు నంబరును చూసి, తాము కొంటున్నది సౌండ్‌ట్రాక్‌దో, ఇమేజ్ ఆల్బమ్‌దో, సింఫనీదో తేల్చుకోవాలి. బొమ్మలను చూసి తేల్చుకుందామనుకుంటే కుదరదు.

ప్రతి స్థితి విషయానికి వస్తే, మధ్యలో నిలువునా అడ్డంగా చెరో మడత ఉంది. మడతలు కలిసే చోట సిరా పొర లేచి మిరియపు గింజంత తెల్లటి మచ్చ ఏర్పడింది. నాలుగు మూలల్లోనూ గుండుసూది రంధ్రాలు ఉన్నాయి, పై మూలల్లో ఒకటికి రెండు చొప్పున. వీటన్నిటినీ దుకాణంవారు తమ వివరణలో రాశారు, ఫొటోలు కూడా పెట్టారు. రాయనిది ఒక్కటే. వెనకవైపు పై అంచున పాత అంటుడు టేపు జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోయింది. ముందువైపు నుంచి చూస్తే ఇప్పటికి నీడలా మాత్రమే కనిపిస్తోంది కానీ, అది పెరిగే మరకే తప్ప తరిగే మరక కాదు. దాన్ని ఇంట్లో ఏ ద్రావకంతోనో తుడవాలని చూస్తే పూత ఉన్న కాగితం పాడవుతుంది. కాగిత సంరక్షణ తెలిసినవారికి ఇవ్వడమో, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడమో తప్ప మూడో దారి లేదు.

ఫ్రేము కొనేటప్పుడు చాలామంది చేసే పనిని ముందే వారించాలి. జపాను బయట తేలికగా దొరికే 50 సెంటీమీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఫ్రేములో ఈ పోస్టర్ పట్టదు, వెడల్పులో 15, ఎత్తులో 28 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఆ మిగులును కత్తిరించినవాళ్ళూ, లోపలి అట్ట చట్రం కింద దాచేసినవాళ్ళూ ఉన్నారు. బొమ్మకు దెబ్బ తగలకూడదని వాళ్ళు ఎప్పుడూ కిందివైపే కోస్తారు, అంటే ధర, రికార్డు నంబరు, హక్కుల వరుస ఉన్న వైపే. అలా కోసిన ప్రతి చూడడానికి బాగానే ఉంటుంది, కానీ అది ఏ సంవత్సరానిదో, దేన్ని అమ్మడానికి పుట్టిందో నిరూపించే మార్గం పోతుంది. బీ2 కొలతకే తయారైన ఫ్రేములు జపానులో సిద్ధంగా దొరుకుతాయి. గాజుకు బదులు అతినీలలోహిత కిరణాలను ఆపే యాక్రిలిక్ పలక వేయించుకుంటే మిగిలిన ఎరుపు మరికొంత కాలం నిలుస్తుంది. అలాగని ఎండ పడే గోడకు తగిలించమని కాదు.

దుకాణం సేవలో ప్యాకింగుకు పూర్తి మార్కులు వేయవచ్చు. పోస్టర్‌ను సన్నటి గొట్టంలో బిగించి చుట్టకుండా, లావుపాటి అట్ట గొట్టంలో పలచని కాగితం పొర వేసి వదులుగా చుట్టారు. అందువల్ల సమతలంగా పరచి, పైన శుభ్రమైన కాగితమూ బరువైన పుస్తకాలూ పెట్టగానే మడతలు తప్ప వంపు మిగలలేదు. ధర 22,000 యెన్‌లు. ఇదే చిత్రానికి హాళ్ళ కోసం వేసిన బీ2 పోస్టర్ మంచి స్థితిలో దొరికితే దీనికంటే ఎక్కువే అడుగుతారు కాబట్టి, సినిమా బొమ్మ మాత్రమే కావలసినవాళ్ళు డబ్బు దాచుకుని దానికోసం ఆగాలి. హిసాయిషి సంగీతం మీద మక్కువ ఉన్నవాళ్ళకూ, రికార్డు దుకాణాల కాగితాలను ఇష్టపడేవాళ్ళకూ ఈ ధర న్యాయమైనదే. మడతలకూ రంధ్రాలకూ దుకాణంవారు అప్పటికే తగ్గించి అడిగారు. వెనకవైపు ఫొటో ఒక్కటి పెట్టి ఉంటే ఆ టేపు మరకకు మరో రెండు వేల యెన్‌లు తగ్గించమని అడిగేవాడిని.