వాకిట్లో పారిజాతం: డెల్టా మట్టిలో ఏళ్ల తరబడి పెంచి చూశాక

గోదావరి డెల్టాలో ఇంటి ముందు ఒక్క చెట్టుకే చోటుంది, అది చిన్నగా ఉండాలి, పూల వాసన ఇంట్లోకి రావాలి అని ఎవరడిగినా పారిజాతం పెట్టుకోమనే చెబుతాను. ఒక్క షరతు: వానాకాలంలో దాని మొదట్లో నీళ్లు నిలవకూడదు. మన దగ్గర చాలా వాకిళ్లలో ఈ షరతు కుదరదు. అమలాపురం వైపైనా భీమవరం వైపైనా చాలాచోట్ల జిగురు మట్టే. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఎత్తు పెరిగి, పాత ఇళ్ల వాకిళ్లు పల్లమవుతున్నాయి. ఆ పల్లాన్ని లెక్కపెట్టకుండా నాటిన పారిజాతం రెండో వానాకాలం చూడడం కష్టం.

నచ్చిన సంగతులు ముందు చెబుతాను. దీని ఎత్తు మన చేతిలో ఉంటుంది. ఏటా కత్తిరిస్తే పది, పన్నెండు అడుగుల దగ్గర ఆగుతుంది. కరెంటు తీగలకు అందదు, ప్రహరీని పగలగొట్టదు. శ్రావణంలో మొగ్గ కనిపిస్తే కార్తీకం దాకా పూస్తుంది. చీకటి పడుతుండగా మొగ్గలు విచ్చుకుంటాయి. తెల్లటి రెక్కలు ఒకే పక్కకు మెలితిరిగి ఉంటాయి, కింద నారింజ రంగు కాడ. తెల్లవారుజామున రాలడం మొదలై, ఎండ పొడ తగిలేసరికి చెట్టు మీద దాదాపు ఏమీ మిగలదు. ఎండెక్కేకొద్దీ నేల మీది పూల రెక్కలు నీరుగారి అంటుకుపోతాయి కాబట్టి పూజకు కావాలంటే ఆ లోపే ఏరుకోవాలి. రాత్రే చెట్టు కింద పాత పంచె పరిచి ఉంచితే మట్టి అంటకుండా అన్నీ ఒక్కసారే ఎత్తుకోవచ్చు. రాత్రి వాన పడితే మాత్రం ఆ రోజుకు పూలు పోయినట్టే.

వాసన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. రేరాణిలా వీధంతా కమ్మేయదు. చెట్టు నుంచి నాలుగైదు గజాల్లో బాగా తెలుస్తుంది, ఆ పైన గాలిని బట్టి. నాకు అదే ఇష్టం. రేరాణిని కిటికీ పక్కన పెట్టి, తలనొప్పి భరించలేక కొట్టేసినవాళ్లు చాలామందే ఉన్నారు. పారిజాతం వాసన ఇంట్లోకి రావాలంటే సాయంత్రం సముద్రపు గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి, ఆ వైపు, పడకగది కిటికీకి ఎనిమిది, పది అడుగుల దూరంలో నాటాలి. ప్రహరీకి కనీసం ఆరడుగులు వదలాలి. ఏ దిక్కున పెట్టాలని వాస్తు అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: రోజుకు ఐదారు గంటలు ఎండ పడే చోటు. కొబ్బరిచెట్ల నీడలో పెడితే కొమ్మలు సన్నగా సాగిపోతాయి, పూలు పలచబడతాయి.

లోపాలూ ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇది అందంగా ఉండదు. ఆకులు పసుపెక్కి రాలతాయి, ఎండిన కాయలు కొమ్మలకు వేలాడుతుంటాయి. అది చూసి చెట్టు చచ్చిందనుకుని పీకేసినవాళ్లున్నారు. గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఏమీ కాలేదు. ఏడాదంతా నిండుగా పచ్చగా కనబడే చెట్టే కావాలంటే మాత్రం ఇది మీకు సరిపడదు.

ఇక నాటడం. డెల్టాలో పారిజాతం బతుకు తేలేది ఇక్కడే. నర్సరీలో అడిగితే రెండడుగుల గొయ్యి తీసి, ఎరువు నింపి నాటమంటారు. మెట్ట నేలలో అది సరైన మాటే. మన నల్ల జిగురు మట్టిలో ఆ గొయ్యి అడుగున చిల్లు లేని తొట్టిలా తయారవుతుంది. చుట్టూ మట్టి నీటిని పీల్చుకోదు, లోపల పోసిన గుల్ల మట్టిలోకి వాన నీళ్లన్నీ చేరి అక్కడే ఉండిపోతాయి. వేర్లు వారం పది రోజుల్లో కుళ్లడం మొదలవుతుంది.

అందుకని ముందు ఒక పరీక్ష చేయండి. నాటదలిచిన చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి సాయంత్రం నిండా నీళ్లు పోయండి, అవి ఇంకాక మళ్లీ నింపండి. తెల్లారేసరికి గుంట ఖాళీ అయితే మామూలుగా నాటుకోవచ్చు. సగం మిగిలితే మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి. మొదట పోసిన నీళ్లే మర్నాడు సాయంత్రానికి కూడా ఇంకకపోతే పారిజాతం మాట మరిచి, కింద చెప్పే పొగడ వైపు చూడండి. ఈ పరీక్ష వానల తర్వాత, నేల తడిగా ఉన్నప్పుడు చేయాలి. మే నెలలో నెర్రెలిచ్చిన నేల ఎన్ని నీళ్లయినా తాగేస్తుంది, ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

దిబ్బ ఐదడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. దాని కింద నేలను అడుగు లోతు గునపంతో పెళ్లగించి వదలాలి, తీసేయక్కర్లేదు. కొత్త ఇళ్ల వాకిళ్లలో గ్రావెల్ తోలి రోలర్ తొక్కించి ఉంటారు. ఆ గట్టి పొరను పగలగొట్టి కింది మట్టి కనిపించేదాకా పోవాలి, లేకపోతే పైన ఎంత మంచి మట్టి పోసినా వేరు దిగదు. దిబ్బ మట్టికి రెండు వంతులు తోట మట్టి, ఒక వంతు గరుకు ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అరకిలో వేపపిండి వేస్తే చాలు. జిగురు మట్టిలో పిడికెడు ఇసుక కలిపితే గుల్ల కాదు, ఎండాక ఇంకా గట్టిపడుతుంది. ఇసుక వేస్తే ఈ పాళ్లలో వేయాలి, లేదా బదులుగా కొబ్బరి పొట్టు వాడాలి. కోనసీమలో పీచు మిల్లుల దగ్గర పొట్టు కావలసినంత దొరుకుతుంది. కానీ తాజా పొట్టులో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. మంచినీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి, నీళ్లు పారబోసి వాడండి. రైస్ మిల్లు బూడిద ఊరికే వస్తుందని బస్తాల కొద్దీ వేయొద్దు, మట్టి క్షార గుణం పెరిగి కొత్త ఆకులు తెల్లబారతాయి.

నాటేటప్పుడు మొక్క మెడ, అంటే వేరు మొదలై కాండం అయ్యే చోటు, దిబ్బ పైమట్టి కంటే అంగుళం పైనే ఉండాలి. మట్టి కుంగుతుంది కాబట్టి ఆ అంగుళం అవసరం. పల్లపు వాకిళ్లకు తుపాన్ల భయం తగ్గాక, కార్తీకం వెళ్లాక నాటడం మేలు. మెరకైతే జూన్ చివర నాటొచ్చు.

మొదటి వేసవి జాగ్రత్తగా గడపాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ వదిలేదాకా చాలామంది బోరు నీళ్ల మీదే ఆధారపడతారు. తీరానికి దగ్గరైన ఊళ్లలో ఆ నీళ్లు ఉప్పు. ఆకు అంచు గోధుమరంగులో మాడుతూ లోపలికి వస్తోందంటే అది ఎండ దెబ్బ కంటే ఉప్పు దెబ్బ అయ్యే అవకాశమే ఎక్కువ. అలాంటి చోట తాగునీటి కుళాయి నీళ్లే పోయాలి. నాలుగైదు రోజులకొకసారి పదిహేను లీటర్లు, దిబ్బంతా తడిసేలా. రోజూ చెంబెడు పోస్తే పైపై వేర్లే పెరుగుతాయి. కొబ్బరి పీచు కప్పితే తడి ఆగుతుంది, కాండానికి జానెడు దూరం మాత్రం వదలండి. ఎండుగడ్డి కప్పితే చెదలు పడతాయి.

అన్నిటికంటే ఎక్కువ మొక్కలు చచ్చేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతాయి, కింది ఆకులు పసుపెక్కుతాయి. దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు, దాంతో పని పూర్తవుతుంది. అలా వాలిన మొక్క కనిపిస్తే ముందు చేత్తో మొదట్లో జానెడు లోతు తవ్వి మట్టి వాసన చూడండి. మురిగిన వాసన వస్తే కుళ్లు మొదలైనట్టే. ఒక సన్న వేరు పట్టి లాగితే పైతోలు జారి చేతికొస్తుంది, లోపల దారంలాంటి ఈనె మిగులుతుంది. మంచి వేరుకు అలా జారదు. అప్పుడు దిబ్బ చుట్టూ అడుగు లోతు కాలవ తీసి నీటిని వాలుకు వదలాలి, మెడ దగ్గర మట్టి పక్కకు లాగి గాలి తగలనివ్వాలి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదట్లో పది లీటర్లు పోయాలి. సగానికి పైగా వేర్లు బాగుంటే తేరుకుంటుంది. ఆ టైములో ఎరువు జోలికి పోవద్దు.

పురుగుల బెడద తక్కువే. వేసవిలో లేత చివర్లకు పిండినల్లి పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి రెండు మూడు విడతలు కొట్టండి.

కత్తిరింపు మానేస్తే పారిజాతం పొద అవుతుంది. కింద నుంచి పది పిలకలు లేస్తాయి. వాకిట్లో చెట్టులా కనబడాలంటే మొదటి ఏడాదే ఒకటి లేదా మూడు కాండాలు ఉంచి తక్కినవి మొదలంటా కోసేయాలి. నాలుగడుగుల ఎత్తు దాకా పక్క కొమ్మలు తీసేస్తూ రావాలి, అయితే ఒక్కసారే అన్నీ తీయకూడదు, కాండం సన్నబడి ఊగిపోతుంది. పూలు కొత్త చిగుళ్ల చివర్లనే వస్తాయి. కాబట్టి మాఘ మాసంలో, కాయలు ఎండాక, కొమ్మలన్నీ మూడో వంతు కత్తిరిస్తే ఆ వానలకు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. జూన్ దాటాక కత్తెర పట్టుకుంటే ఆ ఏటి పూలు మీ చేత్తో మీరే తీసేసినట్టు. కత్తిరించాక పెద్ద చెట్టుకు పది కిలోల పశువుల ఎరువు, అరకిలో వేపపిండి చాలు. యూరియా వేస్తే ఆకు దట్టమవుతుంది, పూత తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులకు కషాయమంటూ ఊళ్లో వాళ్లు ఆకు కోసం వస్తారు. లేత చివర్లు విరవకుండా కిందాకు కోసుకోమనండి, ఆగస్టులో విరిగిన ప్రతి చివరా ఆ ఏటి ఒక పూల గుత్తి.

గాలి సంగతి. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరినే పడగొట్టింది, ఈ చెట్టెంత? దీని కొమ్మలు పెళుసు. నానిన దిబ్బలో కొత్త చెట్టు ఒరిగిపోతుంది కూడా. నాటిన రోజే రెండు సరుగుడు గెడలు దిబ్బ బయట పాతి, కొబ్బరి తాడుతో కాండాన్ని వదులుగా ఎనిమిది అంకెలా చుట్టి కట్టాలి. ఇనుప తీగ వద్దు, బెరడును కోసేస్తుంది. రెండేళ్లకు గెడలు తీసేయాలి. తుపాను హెచ్చరిక వస్తే చెట్టును తాళ్లతో బిగించడం కంటే లోపలి కొమ్మలు కొన్ని తీసి గాలికి దారివ్వడం మంచిది.

పారిజాతం కుదరని చోట ఏం పెట్టాలి? నీళ్లు నిలిచే వాకిలికి పొగడ. అది నిదానంగా పెరుగుతుంది, విత్తనం మొక్కైతే పూతకు ఏళ్లు పడుతుంది, వదిలేస్తే పెద్ద చెట్టవుతుంది, కానీ కత్తిరింపుకు లొంగుతుంది. ఏడాదంతా పచ్చన, గాలికి గట్టి, ఎండిన పువ్వు కూడా వాసన పోదు. 2022 జూలై వరదలా రోజుల తరబడి నీళ్లు నిలిచే లంకల్లో నేను చిన్న పారిజాతం పెట్టమని ఎవరికీ చెప్పను. అంతర్వేది వైపు ఇసుక నేలకు దేవగన్నేరు బాగుంటుంది: రెండడుగుల కొమ్మ కోసి, పాలు ఆరేలా వారం నీడలో ఉంచి నాటితే చాలు. జిగురు మట్టిలో కాండం మెత్తబడి కుళ్లుతుంది, వానల్లో ఆకు అడుగున నారింజ పొడిలా తుప్పు తెగులు వస్తుంది. కామిని కూడా చక్కని చిన్న చెట్టే, వాన పడిన కొద్ది రోజులకు ఒక్కసారి విరగపూస్తుంది. పెరట్లో నిమ్మ, కరివేపాకు ఉంటే మాత్రం దాన్ని తేవద్దు, మూడింటికీ ఒకటే పేనుబంక లాంటి చిన్న రసం పీల్చే పురుగు చేరుతుంది, నిమ్మ ఆకులు పసుపెక్కి చెట్టు క్షీణించే గ్రీనింగ్ తెగులును అంటించేది అదే. సింహాచలం సంపెంగ వాసనకు సాటి లేదు, కానీ అంటుమొక్కైనా చిన్న వాకిలికి ఎక్కువే. ఆకాశమల్లి ఇంటి ముందు అసలొద్దు, నిటారుగా పెరిగి గాలికి విరుగుతుంది.

మొక్క కొనడానికి కడియం, కడియపులంక వెళ్లేవాళ్లు ఎత్తు చూసి మోసపోవద్దు. ఆరడుగుల మొక్క చిన్న కవర్లో ఉంటే వేర్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. రెండు మూడడుగులది, కింద నుంచే కొమ్మలున్నది, కాండం చిటికెన వేలంత లావున్నది తీసుకోండి. కవరు అడుగు చిల్లుల్లోంచి లావు వేరు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే వదిలేయండి, పీకినప్పుడు అది తెగే ఉంటుంది. వ్యాన్ మీద వేసుకొచ్చేటప్పుడు ఆకుల చుట్టూ తడి గోనె కట్టండి. నాటేముందు మట్టిముద్దను అరగంట నీళ్లలో ఉంచి, చుట్టూ ఉన్న వేర్లను వేళ్లతో విప్పి, మరీ బిగిసినవాటిని నాలుగు వైపులా బ్లేడుతో నిలువుగా ఒక్కో గాటు పెట్టి నాటండి. ఆ గట్టి ముద్దను అలాగే దింపితే చుట్టూ ఎంత గుల్ల మట్టి ఉన్నా వేరు బయటికి రావడానికి ఏడాది పడుతుంది.